సన్నాయి వినపడని పెళ్లి

ఆళ్లగడ్డ,
5 అక్టోబరు 2006.

ప్రియమైన మీకు,

నమస్కారాలు. ముందుగా నా రాతను క్షమించాలి. నేను చదివింది సంజామల బడిలో ఆరో తరగతి దాకానే. ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మానాలో ఇప్పటికీ తెలియదు. నా అక్షరాలు వానకు తడిసిన కోళ్ల మాదిరి ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. మీరు నవ్వుకోండి గానీ, అక్కడ ఎవరికీ చూపించవద్దు.

దసరా మరునాడు మీరు బస్సెక్కినారు. ఆ సాయంత్రమే కరెంటు పోయింది. వచ్చిన తర్వాత, మీరు టీవీకి తగిలించిపోయిన కంప్యూటరు పెట్టెను మళ్లీ వేసినాను. బొమ్మ వచ్చింది. శబ్దం రాలేదు.

అందులో మీరు ఎక్కించిన రుద్రవరం ఆదినారాయణ గారి కూతురి పెళ్లి వీడియో పెట్టి చూసినాము. సన్నాయి ఆయన బుగ్గలు ఉబ్బించి ఊదుతాడు. డోలు ఆయన తల ఊపుతూ వాయిస్తాడు. ఒక్క చప్పుడు లేదు. మంత్రాలు చదివే అయ్యవారు నోరు తెరుస్తారు, మూస్తారు, చెరువులో చేప మాదిరి. మీరు ఉన్నప్పుడు ఇదే పెళ్లికి వీధి వీధంతా వచ్చి నిలబడింది కదా.

అత్తమ్మ నన్నే అంటోంది. "మావోడు ఉండంగ ఇల్లదిరేటట్టు మోగె. నువ్వు చెయ్యి పెడితివి, దానికి నోరు పాయె." మామయ్య ఒక్క మాటే అన్నారు. "దీనికంటే గొర్రె మేలు. మే అని అయినా అంటుంది."

పదిహేనో తేదీ ఆదివారం ఆదినారాయణ గారు భార్యతో వస్తారని మామయ్య చెప్పారు. పెట్టె నచ్చితే తమ ఇంటికి ఒకటి చేయించుకుంటారని, నంద్యాలలో ఖాళీగా ఉన్న అంగడి గది మీకు ఇస్తారని కదా మాట. ఆ గది వెనక వంటకు, పడకకు చోటుందని, అక్కడే కాపురం పెడదామని మీరే అన్నారు. ఇప్పుడు మామయ్య ఏమంటున్నారో వినండి. "ఆదివారం నాటికి అది పలక్కపోతే పెట్టెను అమ్మేస్తా. శనగ విత్తేకి వాన్ని పిలిపిస్తా. అంగడీ లేదు, గింగడీ లేదు."

అందుకే సిగ్గు విడిచి రాస్తున్నాను. ఏం చేయాలో చెప్పండి.

గోంగూర పచ్చడి క్యారియరు కింద ఈ జాబు పెట్టి ఏడు గంటల బస్సుకు ఇస్తున్నాను. కవరు మీద 'నతానియేలు గారి మిద్దె మీద గదిలో ఉండే కంప్యూటరు ఆయనకు' అని రాసినాను. కండక్టరు "పేరు లేదేం పాపా?" అని అడుగుతాడేమోనని ఇప్పటి నుంచే భయం.

మీ రాక కోసం కాదు, మీ జాబు కోసం చూస్తూ,
మీ భ్రమర


నంద్యాల,
6 అక్టోబరు.

ప్రియమైన భ్రమరకు,

జాబు అందింది, పచ్చడి అందింది. కవరు చూసి నతానియేలన్న ఒకటే నవ్వు. "ఏమప్పా, నీ పెండ్లాం నీ పేరు మర్చిపాయెనా యేంది?" అని మెట్ల మీద నుంచే అరిచినాడు.

జాబు చదవగానే పక్కింటి ఆదిలక్ష్మమ్మ గారింటికి ఫోను చేసినాను. నువ్వు వచ్చి ఫోను పట్టుకొని నిలబడ్డావు. నేను హలో అంటే గాజుల చప్పుడు తప్ప ఏమీ రాలేదు. పెట్టెలో శబ్దం లేదంటావు, ఫోనులో నీ శబ్దం లేదు. నేను దేన్ని బాగు చేయాలి?

నేను రాలేను. కోయిలకుంట్లలో కాలేజీకి కంప్యూటర్లు బిగిస్తున్నాము. దీపావళి దాకా ఆదివారం కూడా సెలవు లేదని మా అంగడి యజమాని ఖండితంగా చెప్పినాడు. కాబట్టి నేను రాసింది రాసినట్టు చెయ్యి.

పెట్టె వెనక చిన్న రంధ్రాలు మూడు ఉంటాయి. గులాబి, ఆకుపచ్చ, నీలం. స్పీకర్ల వైరు పచ్చ దాంట్లోనే ఉండాలి. కింద పెట్టిన పెద్ద స్పీకరు మీద గుండ్రటి మీట ఉంది, దాన్ని కుడివైపు చివరి దాకా తిప్పి ఉంచు. తర్వాత పెట్టెను ఆపి మళ్లీ వెయ్యి. టీవీ మీద పేరు అడుగుతుంది. నా పేరు కొట్టు. పండగనాడు చెప్పిన పాస్‌వర్డ్ కొట్టు. నా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కింద రాసినాను, చూసి కొడితే చాలు.

ఇందులో భయపడేది ఏమీ లేదు. అది నిన్ను కరవదు.

నీ నరసింహులు


ఆళ్లగడ్డ,
8 అక్టోబరు.

ప్రియమైన మీకు,

ఫోను దగ్గర ఆదిలక్ష్మమ్మ గారు, వాళ్ల కోడళ్లు, పాలు పోయించుకోవడానికి వచ్చిన ఇద్దరు, అందరూ నా నోటి వైపే చూస్తుంటే నేనేం మాట్లాడేది? ఫోను పెట్టేసే ముందు ఆమె "మొగునితో మాట్లాడేకి సిగ్గేందే, మేమేమన్నా వింటామా" అని చెవి ఇంకా దగ్గరికి తెచ్చింది.

మీరు చెప్పినవి చేసినాను. మొదట పచ్చ రంధ్రం దొరకలేదు. ఎందుకంటే ఆయుధపూజ రోజు అత్తమ్మ పెట్టె వెనక ఎన్ని రంధ్రాలు ఉన్నాయో అన్నింటి చుట్టూ పసుపు రాసి కుంకుమ పెట్టింది. మూడూ ముత్తైదువుల్లా ఉన్నాయి. తడిబట్టతో తుడిస్తే రంగులు బయటపడినాయి. వైరు పచ్చ దాంట్లోనే ఉంది. బొట్టు చెరిపినానని అత్తమ్మ ఆ పూటంతా మాట్లాడలేదు.

మీటను చివరి దాకా తిప్పినాను. పెట్టెను ఆపి, వేసి, లోపలికి పోయినాను. పెళ్లి వచ్చింది. సన్నాయి రాలేదు.

మామయ్య రేడియోలు బాగుచేసే జాన్‌ను పిలుచుకొచ్చినారు. అతను పెట్టె మీద చెవి ఆనించి, డాక్టరు మాదిరి కళ్లు మూసుకొని విన్నాడు. "ప్రాణముంది సామీ, మాటే లేదు" అన్నాడు. లోపల పెట్టెను నడిపేది మీరు ఎక్కించిన లినక్సు అని నేను తలుపు వెనక నుంచి చెప్తే, "అట్లయితే నేను ముట్టుకోను తల్లీ, మళ్లీ నా మీద పడుతుంది" అని కాఫీ తాగి పోయినాడు. ఆదిలక్ష్మమ్మ గారు దిష్టి తగిలిందన్నారు. ఇప్పుడు టీవీకి ఒక నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. పెళ్లికొడుకు ముఖం సగం నిమ్మకాయ వెనక ఉంటుంది.

నేను కొట్టేటప్పుడల్లా మామయ్య కుర్చీ వేసుకొని వెనక కూర్చుంటారు. ఆయన ముందర కుర్చీలో కూర్చోలేను కదా, మోకాళ్ల మీద ఉండి కొడుతున్నాను. ఏది కొట్టినా టీవీ మీద బారెడు అక్షరాలతో వస్తుంది. మీరు ఇంకేదైనా దారి చెప్పండి.

మోకాళ్ల నొప్పులతో,
మీ భ్రమర


నంద్యాల,
10 అక్టోబరు.

భ్రమరకు,

ఈ పెట్టెను నేను ఇక్కడ నెలరోజులు నడిపినాను. ఇంటికి తెచ్చి నీ ముందరే నడిపినాను. నేను బస్సెక్కగానే చెడిపోయిందంటే ఎట్లా నమ్మేది? నేను రాసిందంతా చేసినావా, కొంత చేసి కొంత వదిలినావా? జాన్‌ను ఎవరు పిలవమన్నారు? నిమ్మకాయ ఎవరు కట్టమన్నారు?

కోయిలకుంట్లలో పని చేస్తున్నా మనసు అక్కడే ఉంది. నిన్న ఒక కంప్యూటరుకు వైరు తప్పు పెట్టి యజమానితో తిట్లు తిన్నాను. ఆ గది చేజారితే నేను శనగలు విత్తుతాను, నువ్వు మీ అత్త పక్కన కలుపు తీస్తావు. మళ్లీ అవకాశం రాదు.

సరే, విను. లినక్సులో శబ్దం మూసుకొని పోవడం ఉంది. తెర మీద నల్లటి కిటికీ బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కు. నల్ల పలక తెరుచుకుంటుంది. అందులో నేను కింద రాసిన మాటను చిన్న అక్షరాల్లో కొట్టి, ఎంటర్ అని రాసి ఉండే పెద్ద మీట నొక్కు. నిలువు కడ్డీలు వరుసగా వస్తాయి. వాటి కింద రెండేసి ఎమ్‌లు ఉంటే శబ్దం మూసినట్టు. ఎమ్ అక్షరం నొక్కితే తెరుచుకుంటుంది. ఐదేండ్ల పిల్లకైనా అర్థమవుతుంది.

కడ్డీలు రాకపోతే, ఆ నల్ల పలక మీద ఏం పడిందో మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా కాగితం మీద దించి పంపు. నీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ఒక్కటి కూడా వదలొద్దు.

నరసింహులు


ఆళ్లగడ్డ,
12 అక్టోబరు.

ప్రియమైన మీకు,

మీరు ఈసారి 'ప్రియమైన' అని రాయలేదు. నేను రాస్తున్నాను, అలవాటు కొద్దీ.

మీ జాబు చదివి ఒక పూట అన్నం తినలేదు. ఐదేండ్ల పిల్లకు అర్థమవుతుందంటే ఐదేండ్ల పిల్లనే చేసుకోవాల్సింది. ఆ పిల్ల తెల్లవారి లేచి కసువు ఊడ్చి, పాలు పితికి, క్యారియరు కట్టి, బస్సుకు పరుగెత్తి, తిరిగి వచ్చి మామగారి ముందు మోకాళ్ల మీద నిలబడి మీ నల్ల పలకను తెరిచేదేమో చూద్దురు. నేను ఆ పెట్టెను అడిగినానా? మా నాయన ఇచ్చిన రేడియో చాలు నాకు. చెవి మెలిపెడితే పాడుతుంది, పేరూ అడగదు ఊరూ అడగదు.

మీరు చెప్పిన మాట కొట్టినాను. కడ్డీలు రాలేదు. ఒక వరుస ఇంగ్లీషు వచ్చి పడింది. దాని కింద గీత ఒకటి మెరుస్తూ నిలబడింది, ఇంకేం చేస్తావో చేయమన్నట్టు. మూడుసార్లు కొట్టినా అదే. మామయ్య వెనక నుంచి "ఏమంటుందమ్మా?" అన్నారు. నేను ఏం చెప్పేది? "మీ కొడుకును అడగమంటుంది" అన్నాను. మామయ్యతో అంత పొడుగు మాట మాట్లాడడం అదే మొదటిసారి. నాకే భయమేసింది. ఆయన మాత్రం "వాన్నేం అడిగేది, వానికి పంచె కట్టుకునేది నేర్పేకి మూడేండ్లు పట్టె నాకు" అని బయటికి పోయినారు. కొంచెం నవ్వు వచ్చింది, తప్పయితే క్షమించండి.

మీరు అడిగినట్టే నల్ల పలక మీద ఉన్నదంతా కాగితం వెనక దించినాను. నత్త మాదిరి చుట్టుకున్న గుర్తు ఒకటి ఉంది, అదీ వేసినాను. ఒక్కటి కూడా వదలొద్దన్నారు కాబట్టి ప్రతి వరుస మొదట్లో ఉన్నది కూడా దించక తప్పలేదు. అది చూసి కోప్పడతారేమో. పడితే పడండి, కానీ త్వరగా జాబు రాయండి. ఆదివారానికి ఇంక మూడు రోజులే ఉన్నాయి. మామయ్య నిన్ననే శనగ విత్తనం ఎండకు పోసినారు.

మీ భ్రమర


నంద్యాల,
14 అక్టోబరు, శనివారం.

ప్రియమైన భ్రమరకు,

ప్రియమైన అని రెండుసార్లు రాయాలి, పోయినసారిది బాకీ ఉంది.

నీ కాగితం తిప్పి చూసి మెట్ల మీదనే కూర్చుండిపోయినాను. వరుస మొదట్లో, నువ్వు వేసిన నత్త గుర్తుకు (@) ముందు, లోపలికి పోయినవాళ్ల పేరు పడుతుంది, అక్కడ ఉండాల్సింది నా పేరు. అక్కడ నీ పేరు ఉంది. దాని వెనక ఇంగ్లీషులో ఉన్నది 'అనుమతి లేదు' అని.

భ్రమరా, ఇన్ని దినాలు నీ పేరుతో లోపలికి పోతున్నావా! పండగనాడు ముచ్చటకొద్దీ నీ పేరు కూడా అందులో పెట్టి, 'ఇదిగో, నీకూ ఒక తలుపు' అని చూపించిన మాట నాకు గుర్తే లేదు. నీకు గుర్తుంది. లినక్సులో ఒక్కో పేరుకు ఒక్కో హక్కు ఇవ్వాలి. నా పేరుకు అన్నీ ఇచ్చుకున్నాను. నీ పేరుకు బొమ్మ చూసే హక్కు ఇచ్చి, శబ్దం ముట్టుకునే హక్కు ఇవ్వడం మర్చిపోయినాను. పెట్టె చెడిపోలేదు. నువ్వు చెడగొట్టలేదు. అనుమతి ఇవ్వని వాణ్ని నేను, తిట్లు తిన్నది నువ్వు.

కానీ తల్లీ, నా పేరు కొట్టమని మొదటి జాబులోనే రాసినాను కదా! కొట్టలేనని ఒక్క ముక్క రాయరాదా? నతానియేలన్నకు చెప్తే గోడకు తల కొట్టుకున్నాడు. "ఆడోళ్లు మొగుని పేరు అనరని తెలిసి కూడా పేరడిగే పెట్టె తెస్తివి, నీదే తప్పప్పా" అన్నాడు.

నీ పేరుకు హక్కు ఇచ్చే దారి ఉంది గానీ, దానికి పెద్ద తాళం తీయాలి, ఒక అక్షరం తప్పితే అసలుకే మోసం. దీపావళికి వచ్చి నేనే చేస్తాను. రేపటికి ఒకటే దారి. నోటితో అనొద్దు, మనసులో కూడా అనుకోవద్దు. కింద రాసిన అక్షరాలు ఒక్కొక్కటే చూసి కొట్టు. అది నా పేరని మర్చిపో. ఏదో మందుసీసా మీద రాత అనుకో.

ఫోనులో చెప్దామంటే ఆ ఇంట్లో అందరూ వింటారు, అందుకే రేపు పొద్దున మొదటి బస్సుకు ఇస్తున్నాను. సమయానికి అందితే బాగుండు.

నీ అపరాధి,
నరసింహులు


ఆళ్లగడ్డ,
16 అక్టోబరు.

ప్రియమైన మీకు,

మీ జాబు సమయానికి అందలేదు. బస్సు చాగలమర్రి వాళ్ల పెళ్లి జనంతో నిండి ఆలస్యంగా వచ్చింది. ఆదిలక్ష్మమ్మ గారు బస్సు దగ్గర నుంచి ఖాళీ క్యారియరుతో పాటు మీ జాబు తెచ్చి ఇచ్చేసరికి ఆదినారాయణ గారు, ఉమామహేశ్వరమ్మ గారు వచ్చి కూర్చొని, మూగ పెళ్లి సగం చూసేసినారు.

ఆదినారాయణ గారు అంటున్నారు. "ఏమప్పా చెన్నయ్యా, మా పాప పెండ్లికి కడప నుంచి మేళం తెప్పిస్తే, మీవోడు అందరికీ మూగనోము పట్టించినాడే!"

మామయ్య తల ఎత్తలేదు. "వాన్ని శనగ విత్తేకి పిలిపిస్తా లేన్నా" అన్నారు.

నేను పొయ్యి దగ్గర నిలబడి మీ జాబు చదివినాను. మందుసీసా అనుకోమన్నారు. ఎట్లా అనుకునేది? అహోబిలం పోతే కొండ మీద స్వామి పేరు కూడా అనకుండా దండం పెట్టుకొని వచ్చేదాన్ని నేను. చివరికి అత్తమ్మను పిలిచి చెవిలో చెప్పినాను.

"అత్తమ్మా, ఆ పెట్టెకు ఆయన పేరు కావాలంట. అప్పుడే పలుకుతుందంట."

"కావాలంటే ఇయ్యరాదా?"

"నేనెట్ల ఇచ్చేది? టీవీ మీద బారెడు అక్షరాలతో పడుతుంది. మామయ్యకు ఇంగ్లీషు రాదు గానీ, ఆదినారాయణ గారికి వస్తుంది."

అత్తమ్మ అడిగింది. "మరి ఇన్నాళ్లు ఎవరి పేరుతో పోతాంటివి?"

"నా పేరుతోనే."

తిడుతుందనుకున్నాను. "సరైన పనే చేసినావు. నేనైనా అంతే" అంది. తర్వాత కొంగు నడుముకు దోపుకొని "దా" అని ముందు నడిచింది.

నడవలోకి పోయి, దోపిన కొంగు లాగి, రెండు చేతులతో బారు చాపి టీవీకి అడ్డం నిలబడింది. ఆదినారాయణ గారు "ఏమ్మా బయ్యమ్మా, తెర కడితివే?" అన్నారు. "దిష్టి తీస్తాండామన్నా, సూడగూడదు. అందరూ కండ్లు మూసుకోండి" అంది. ఆయన నిజంగానే మూసుకున్నారు! ఉమామహేశ్వరమ్మ గారు చెంపలు కూడా వేసుకున్నారు. మామయ్య మూసుకోకుండా చూస్తుంటే, "నీకు వేరే చెప్పల్లా?" అని అత్తమ్మ కసిరింది. ఆయనా మూసుకున్నారు.

నేను అత్తమ్మ కొంగు కింద మోకాళ్ల మీద కూర్చొని పెట్టెను మళ్లీ వేసినాను. పేరు అడిగింది. మొదటి అక్షరం కొట్టి ఆగినాను. అత్తమ్మ పైనుంచి "కానియ్యి, నా చేతులు పీకుతాండాయి" అంది. కొట్టినాను. ఒక్కో అక్షరం కొడుతుంటే మిమ్మల్ని ఎవరూ లేని చోట పిలుస్తున్నట్టు ఉండింది. ఇంతకంటే రాయను.

మీట చివరి దాకా తిప్పి ఉంచమన్నది మీరే కదా. పాస్‌వర్డ్ కూడా కొట్టి పెళ్లి పెట్టగానే ఒక్కసారిగా సన్నాయి, డోలు కలిసి ఇల్లు పగిలేటట్టు మోగినాయి. ఆదినారాయణ గారు కుర్చీలో నుంచి లేచి నిలబడ్డారు. మామయ్య కాఫీ పంచె మీద పడింది. కొట్టంలో ఎద్దులు గుంజలు పెరుక్కున్నంత పని చేసినాయి. నేను మీట తగ్గించినాను, పెళ్లి సాగి అప్పగింతలు వచ్చినాయి. పెళ్లికూతురు ఏడుస్తూ "అమ్మా, నేను పోనమ్మా" అంది. అంతే, ఉమామహేశ్వరమ్మ గారు టీవీ దగ్గరికి పోయి నిలబడి, "పోవద్దులే పాపా" అన్నారు. ఆ పిల్ల ఇప్పుడు బళ్లారిలో ఉంది, వచ్చి చానా నెలలైందంట. ఆ ముక్కనే మళ్లీ మళ్లీ పెట్టించుకొని విన్నారు.

పోయేటప్పుడు ఆదినారాయణ గారు భార్య వైపు చూసి, "ఈమె ఇంక మమ్మల్ని ఉండనిస్తుందా? మాకూ ఒకటి చెయ్యమను. అంగడి బీగాలు దీపావళికి వచ్చి తీసుకోమను" అన్నారు. మామయ్య తడి పంచెతోనే వాకిలి దాకా సాగనంపి వచ్చి, నా వైపు చూడకుండా, గోడకు చెప్పినట్టు, "శనగ నేనే విత్తుకుంటాలే" అన్నారు.

ఇంతవరకు సంతోషం. ఇప్పుడు నా కోపం వినండి. పేరు అడగకుండానే తెరుచుకునేటట్టు పెట్టడం మీ లినక్సుకు రాదా? వస్తుందని, మీరే పెట్టలేదని తేలితే, దీపావళికి వచ్చినప్పుడు మీకు వడ్డించేది అత్తమ్మే, నేను కాదు. అంగట్లో పెట్టే పెట్టెలకైనా ముందు ఆ పని చేయండి. ఈ ఊళ్లో, ఆ ఊళ్లో నా మాదిరి వాళ్లు ఇంటికొకరు ఉంటారు.

ఇంకొక్క మాట. ఇది రాయాలా వద్దా అని చానాసేపు ఆలోచించినాను. వాళ్లు పోయిన తర్వాత మామయ్య కళ్లం వైపు పోయినారు. అత్తమ్మ నా పక్కన వచ్చి నిలబడింది. "ఆ పెట్టెలో ఎవరి పేరు కొట్టినా పడతాదా?" అని అడిగింది. పడుతుందన్నాను. పోకుండా అక్కడే నిలబడి ఉంది. నాకు అర్థమై, నల్ల పలక తెరిచి మామయ్య పేరు కొట్టినాను. నాకు తెలిసిన ఇంగ్లీషులో, తప్పో ఒప్పో.

అత్తమ్మకు చదువు రాదు కదా. అయినా ఆ అక్షరాలను ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో చూపుతూ చూసింది. "ఇంతేనా?" అంది. "ఇంత దానికా ఇన్నేండ్లూ నోరు కట్టుకున్నా? చానా పొడుగుంటాదనుకున్నా." కాసేపు నవ్వింది. తర్వాత ఏమనుకుందో, "తీసెయ్ తీసెయ్, ఆయప్ప వస్తాడు" అని తనే వైరు పెరికేసింది. ఎవరికైనా చెప్తే నా తోలు వలుస్తానంది. మీకు చెప్పినానని తెలిస్తే నన్ను నంద్యాలకు కూడా పంపదు.

చదివిన వెంటనే ఈ జాబును పొయ్యిలో వేయండి. నతానియేలు గారికి చూపించకుండా, దాచుకోకుండా, తప్పకుండా కాల్చేయండి.

మీ భ్రమర